పసిబిడ్డ ప్రయాణపు మూట



పుట్టింట పురుడు పోసుకొని, నెలల బిడ్డతో భర్త యొద్దకు కువైట్, దుబాయి, అమెరికా వెళ్లు ఆడపిల్లలు మన సంఘములలో అనేకులున్నారు. అట్టి ఇండ్లకు ప్రార్థనకు వెళ్లినప్పుడు ఉయ్యాల, వాకరు, డజన్ల కొలది బట్టలు, బొమ్మలు గదినిండ పేర్చియుండుట మేము చూచుచున్నాము. కొందరు తాతలు వడ్డీకి తెచ్చి మరీ కొనుచున్నారు. అది ప్రేమయే. అయితే ఒట్టి చేతులతో పంపిరని వియ్యాలవారు అనుకొందురేమోనను భయము కూడ అందులో ఉన్నది. తీరా విమానమెక్కు దినమున తూకము ఎక్కువై సామాను ఇంటనే మిగులును. దానితో పాటు అప్పును మిగులును.

మోషే తల్లి తన మూడు నెలల బిడ్డకు సిద్ధపరచినది ఒక్క జమ్ముపెట్టె. అయితే నీరు చొరకుండ దానికి శ్రద్ధగా పూత పూసెను. మరియ యోసేపులు శిశువుతో ఐగుప్తుకు రాత్రివేళ బయలుదేరినప్పుడు ఏమేమి మోసికొనిపోయిరో సువార్తలో లేదు. బిడ్డ ప్రాణమే వారికి ముఖ్యము. కావున ప్రతి వస్తువును చూచి, ఇది బిడ్డను కాపాడునా, మన పరువును కాపాడునా అని అడుగుకొందము.

మొదట కావలసినవి కాగితములు. జననమును 21 దినములలోగా నమోదు చేయించండి. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన బిడ్డల పాస్‌పోర్టుకు పుట్టినతేదీ రుజువు జనన ధ్రువపత్రమే. తలిదండ్రుల పేర్లు వారి పాస్‌పోర్టులలో ఉన్నట్లే అక్షరము పొల్లుపోకుండ వ్రాయించండి.

రెండవది టీకాలు. పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి వేయుదురు. 6, 10, 14 వారములకు తరువాతివి వేయించవలెను. టీకాల కార్డు పెట్టెలో గాక చేతిసంచిలో ఉండవలెను. అక్కడి వైద్యుడు మొదట అడుగునది అదే.

మూడవది తల్లిపాలు. ఆరు నెలల వరకు అవే చాలును, మంచినీళ్లు కూడ అక్కరలేదు. తల్లికి పాలున్నయెడల సీసాల మూట ఎందుకు? విమానము లేచునప్పుడు, దిగునప్పుడు పాలిచ్చినయెడల బిడ్డకు చెవుల బాధ తగ్గును.

ఇక బట్టలు. ఆరేడు జతల నూలు చొక్కాలు, పాత మెత్తని నూలుచీర చించిన పొత్తిగుడ్డలు, ఒక టోపీ, మేజోళ్లు, ఒక శాలువ, ప్రయాణమునకు సరిపడు డయాపర్లు, ఒక థర్మామీటరు చాలును. బిడ్డ నెలనెలకు ఎదుగును గనుక ఎక్కువ కొన్నను తొడిగించు దినములు కొద్దివే.

కొన్ని మానుట మేలు. వాకరులో బిడ్డలు మెట్ల మీదనుండి పడుచున్నందున కెనడా దేశము 2004లో దాని అమ్మకమును నిషేధించినది. కాటుకలో సీసము ఉండవచ్చును. ఆవాల దిండును వద్దు. పసిబిడ్డను దిండు లేకుండ, గట్టి పరుపుపై వెల్లకిల పరుండబెట్టవలెను. అమెరికాలోను దుబాయిలోను కారులో పసిబిడ్డకు ప్రత్యేకమైన సీటు ఉండవలెనని చట్టమున్నది. దానిని ఇక్కడ కొనక, ఆ దేశపు నియమములకు తగినది తండ్రియే అక్కడ ముందుగా కొనియుంచవలెను.

అమ్మమ్మలారా, మీ మనస్సు మాకు తెలియును. బిడ్డ బోర్లపడుట, పాకుట, తొలి అడుగు ఫోనులోనే చూడవలసి వచ్చును. ఆ లోటును సామానుతో పూడ్చలేము. హన్నా తన కుమారుని దేవుని మందిరములో విడిచి, ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెను. ఎదుగుచున్న బిడ్డ కొలతను దూరముననుండియే ఆమె తలంచుకొని కుట్టియుండును. మీరును ఒక చొక్కా మీ చేతితో కుట్టి మూటలో పెట్టండి, వచ్చే ఏటికి సరిపోవునంత పెద్దదిగా. కుట్టు కుట్టుకు బిడ్డ కొరకు ప్రార్థించండి. మిగిలిన రూకలు అప్పు చేయకుండ మిమ్మును కాపాడును.

దూరదేశములకు వెళ్లు మన బిడ్డలకు ప్రభువు తోడైయుండును గాక. ఆమేన్.