రెండు వారాల పరుగు

వార్షిక క్రీడోత్సవాల తేదీ నోటీసు బోర్డుపై కనిపించిన మరునాడే మన మైదానంలో సందడి ఆరంభమవుతుంది. ఎనిమిది వందల మీటర్ల పందెానికి పేరిచ్చిన మిత్రులు ప్రతి ఉదయం ఆ దూరమంతా శక్తికొద్దీ పరుగెత్తి, రొప్పుతూ కూలబడి, అదే సాధన అనుకుంటారు. గత పోటీలో మొదటి చుట్టంతా అందరికంటే ముందున్న మా సహాధ్యాయి చివరి నూరు మీటర్లలో కాళ్ళు కదలక గీతకు ఇవతలే ఆగిపోయాడు. దమ్ము చాలలేదని అందరూ అన్నారు, మేమూ అన్నాము. అది అన్యాయమని ఇప్పుడు తోస్తున్నది. అతనికి పద్ధతి నేర్పినవారే లేరు.

పూర్తి దూరాన్ని నిత్యం పందెంలా పరుగెత్తినంత మాత్రాన వేగం రాదు. జర్మన్ శిక్షకుడు గెర్ష్లర్ దూరాన్ని ముక్కలు చేశాడు. ఆయన శిష్యుడు హార్బిగ్ 1939లో మిలాన్ నగరంలో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో ముగించి ప్రపంచాన్ని విస్మయపరిచాడు. గెర్ష్లర్, వైద్యుడు రైండెల్‌తో కలిసి నాడినే కొలతగా స్వీకరించాడు. రెండు వందల మీటర్లు వేగంగా పరుగెత్తితే నాడి నిమిషానికి 180 వరకు పోతుంది. అది 120కి దిగేవరకు విశ్రాంతి, ఆపైన మళ్ళీ పరుగు. తొంబై సెకన్లలో దిగలేదంటే ఆ పరుగు మితిమీరిందన్నమాట. ఇందుకు కావలసిన పరికరం చేతి గడియారమొక్కటే!

అయితే ఈ వేగానికి పునాది నెలల తరబడి సాగే నిదానపు పరుగు. న్యూజిలాండ్ శిక్షకుడు లిడియార్డ్ తన శిష్యుడు స్నెల్‌ను వారానికి దాదాపు 160 కిలోమీటర్లు, కొండదారుల వెంట పరుగెత్తించాడు. 1962లో క్రైస్ట్‌చర్చ్‌లో స్నెల్ 1 నిమిషం 44.3 సెకన్ల ప్రపంచ రికార్డు నెలకొల్పింది పచ్చిక మైదానం మీద. మన నేల బాగులేదని సాకు చెప్పేవారు ఈ సంగతి గమనింతురు గాక.

మన దేశంలోనూ నిదర్శనం కద్దు. ఇలియాస్ బాబర్ తీర్చిదిద్దిన శ్రీరామ్ సింగ్ 1976 మాంట్రియల్ ఒలింపిక్ ఫైనల్లో మొదటి చుట్టు అందరికంటే ముందు నడిచి, 1 నిమిషం 45.77 సెకన్లతో ఏడవ స్థానం పొందాడు. ఆ జాతీయ రికార్డు 2018 వరకు నిలిచింది.

మన కళాశాల స్టాప్‌వాచ్ పోటీల రోజున తప్ప బీరువా వీడి బయటకు రాదు. ఆ తాళం జూలైలోనే తీయవలసిందిగా ఫిజికల్ డైరెక్టరు గారిని సవినయంగా కోరుతున్నాము. మా సహాధ్యాయి ఇంకొక సంవత్సరం ఇక్కడే చదువుతాడు.