ఏ పాట వినాలో ఎవరు చెప్పాలి?

మోమిన్‌పేట్ బస్టాండులో చూసినా, వికారాబాద్ నుంచి తాండూరు పోయే రైల్లో చూసినా మన యువకుల చేతిలో సెల్‌ఫోన్ ఉంటుంది, చెవిలో పాట ఉంటుంది. ఒకటి ముగియగానే దానివంటిదే మరొకటి వస్తుంది. నిన్న విన్నదే వేషం మార్చుకుని మళ్లీ వినిపిస్తుంది. పాటలకు కొదవ లేదు, మంచిది చెప్పే పెద్దదిక్కే కరువైంది.

సంగీతం వినవచ్చునా, కూడదా అన్న విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. వాటిని తేల్చే అర్హత మాకు లేదు. ఎలాగూ వింటున్నవారు మంచిది ఎంచుకుని వినాలన్నదే మా మనవి.

ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ 1902లో కసూర్‌లో జన్మించి, 1968లో మన హైదరాబాదులోనే కన్నుమూశారు. ఆయన ఠుమ్రీ ఒక్కటైనా తీరిగ్గా వినండి. ఖవ్వాలీ ఇష్టపడేవారు 1971లో పద్మశ్రీ అందుకున్న హైదరాబాదీ ఉస్తాద్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీని మరువరాదు. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం ఊది, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు పొందారు. పేరును బట్టి సంగీతాన్ని పంచుకునేవారికి ఆయన జీవితమే సమాధానం. సినిమా పాటే కావాలంటే 1969 నాటి ‘భలే తమ్ముడు’ వినండి. తెలుగు మాతృభాష కాని మహమ్మద్ రఫీ అందులో ఎన్.టి.ఆర్.కు గొంతు అరువిచ్చారు.

వీరందరి పాటలూ ఎక్కడో ఒకచోట భద్రంగా ఉన్నాయి. మన పల్లెల్లోని పీర్ల పాటల సంగతేమిటి? అలావా చుట్టూ తిరుగుతూ హిందూ ముస్లిములు కలిసి తెలుగులో పాడుకున్న కర్బలా గాథలవి. ఎక్కువభాగం కాగితం ఎక్కలేదు. పాడినవారి నోట, విన్నవారి చెవిలో మాత్రమే నిలిచాయి. ఒక ముదుసలి వెళ్లిపోతే ఆ ఇంటి పాట కూడా వెళ్లిపోతుంది. ఎంత ఖరీదైన ఫోనైనా తనలో లేని పాటను వినిపించలేదు కదా!

కనుక సోదరులారా, ఈ జుమా నాడు ఒక పని చేయండి. నమాజు ముగించుకుని ఇంటికి వెళ్లాక నానీమా పక్కన కూర్చోండి. పొరుగింటి అవ్వ దగ్గరకూ వెళ్లండి. “మీ చిన్ననాటి పాట ఒకటి వినిపించండి” అని అడగండి. వారు ఒప్పుకుంటే అదే సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ రాసిపెట్టండి. మనకు పాటలు సూచించే ఫోనుకు మనం ఇవ్వగల మంచి పాట అదే.