దవడ నొప్పికీ మెడ నొప్పికీ ఎంతవరకు సంబంధం?



మన శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసుకొనే ఒక సహోదరి ఆరాధన ముగిసిన తరువాత అడిగిన ప్రశ్నను ఈ నెల తీసుకుంటున్నాను. "అయ్యగారూ, దవడ ఒక పక్కకు పోతే వెన్నెముక కూడా వంకర పోతుందంట గదా? పళ్ళు అరగదీయించుకుంటే నడుము నొప్పి పోతుందని చెప్పినారు. చేయించుకోమంటారా?" అన్నారామె. ఆమెకు చెవి ముందు నొప్పి, మెడ పట్టేయడం, నడుము నొప్పి, మూడూ ఉన్నాయి. పళ్ళు మాత్రం చక్కగా ఉన్నాయి. ఆ పళ్ళను అరగదీయడానికి అడిగిన డబ్బు ఆమెకు రెండు మూడు నెలల కూలి. ఇటువంటి మాటలు పల్లెల్లో కూడా వినబడుతున్నాయి కాబట్టి కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

మీ చూపుడు వ్రేళ్ళను రెండు చెవుల ముందు ఆనించి నోరు తెరిచి మూయండి. అక్కడ కదిలేదే దవడ కీలు. క్రింది దవడ ఎముక తలకు అతికే చోటు అది. మధ్యలో ఒక మెత్తని బిళ్ళ ఉంటుంది. మోకాలు ఒకటి నొప్పి చేస్తే రెండో కాలి మీద బరువు వేసి నడవగలం. దవడకు ఆ వీలు లేదు. ఎముక ఒక్కటే కనుక రెండు కీళ్ళూ కలిసే పని చేయాలి. కుడివైపు దంతాలు పోయి ఏండ్ల తరబడి ఎడమవైపే నమిలేవారికి కండరాలు అలిసి నొప్పి రావచ్చు. ఇప్పుడు పళ్ళు బిగించి చెంపల మీద, కణతల మీద చేయి పెట్టి చూడండి. గట్టిపడేవి నమిలే కండరాలు. ఉదయం లేవగానే కణతలు నొప్పిగా ఉండేవారిలో కొందరు రాత్రంతా ఈ కండరాలను బిగించి నిద్రపోయినవారే. పళ్ళు కొరకడం అన్న మాట మనకు కొత్త కాదు గదా! నిద్రలో అది మనకు తెలియకుండానే జరుగుతుంది, పక్కన పడుకున్నవారికే వినబడుతుంది.

మెడకు సంబంధం ఎక్కడ వచ్చింది? ముఖము, దవడల నుండి వచ్చే నరమూ, మెడ పైభాగం నుండి వచ్చే నరాలూ వెన్నుపాము పైకొనలో ఒకే చోట కలుస్తాయి. అందువల్ల మెడలో పుట్టిన నొప్పి దవడలోనో కణతలోనో తెలియవచ్చు, దవడ నొప్పి మెడలోకి దిగవచ్చు. పైగా తల బరువు నాలుగున్నర, ఐదు కిలోల దాకా ఉంటుంది. అది భుజాల మీద నిలువుగా ఉన్నంతసేపు మెడకు కష్టం తక్కువ. ముందుకు వంగితే ఆ బరువును మెడ వెనుక కండరాలే పట్టి ఉంచాలి. అప్పుడు దవడ కండరాలు కూడా ఊరకుండవు.

కలంకారీ పని చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఊరంతా సంతోషించింది గాని, ఆ పనిలో మెడ పడే కష్టం గురించి మాట్లాడేవారు తక్కువ. కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డను ముందు పరచుకొని, వెదురు కలాన్ని కసిమిలో ముంచి, చేయి వణకకుండా గీత లాగాలి. కసిమి గుడ్డకు పట్టిందంటే మళ్ళీ చెరపలేం. అందుకని గీత ముగిసేవరకు ఊపిరి బిగబట్టడం, దానితోపాటే పళ్ళు బిగించడం అలవాటవుతుంది. రోజుకు ఎన్ని గీతలో లెక్క వేసుకోండి. కుట్టుమిషను ముందు కూర్చొని దారాన్ని పంటితో కొరికేవారికీ, మడిలో వంగి నాట్లు వేసేవారికీ, ఇప్పుడు పొద్దస్తమానం ఫోను మీద తల వంచే మన యౌవనస్థులకూ మెడ కష్టం ఒక్కటే. మొట్టమొదట దవడే చెడి దాని వెనుక మెడ చెడిందనుకోనక్కరలేదు. చాలాసార్లు వంగి కూర్చోవడమే రెంటినీ నొప్పిస్తుంది.

ఇక నడుము సంగతి. 1934లో అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు వెనుక దంతాలు పోయినవారికి దవడ కీలు చెడి చెవి నొప్పి, తలనొప్పి వస్తాయని వ్రాశాడు. ఆయన చెప్పిన కారణాలు కొన్ని తరువాత నిలబడలేదు. అయినా పళ్ళ అమరికే అన్నిటికీ మూలమనే తలంపు పెరిగి పెరిగి వెన్నెముక, తుంటి, మోకాలి దాకా పోయింది. దవడ నొప్పి చాలాకాలం ఉన్నవారికి ఒంట్లో వేరే నొప్పులు కూడా ఎక్కువగా ఉంటాయన్నది నిజమే. నిద్ర చాలకపోవడం, దిగులు, నరాలు నొప్పికి అలవాటు పడి చిన్నదాన్ని పెద్దగా తెలియజేయడం, ఇవన్నీ కలిసి అలా జరుగుతుంది. రెండు నొప్పులు ఒకే మనిషిలో ఉండడం వేరు, ఒకటి రెండోదాన్ని పుట్టించడం వేరు. పళ్ళ అమరిక మార్చితే వెన్నెముక నిటారుగా అవుతుందని, నడుము నొప్పి పోతుందని ఇంతవరకు రుజువు కాలేదు. కాబట్టి ఆ సహోదరికి నేను చెప్పింది ఒక్కటే. అమ్మా, అరగదీసిన పంటిని మళ్ళీ పెంచలేము. పుచ్చిన పంటికి వైద్యం చేయించుకోండి, పోయిన పంటి చోట పన్ను కట్టించుకోండి. మంచి పంటిని మాత్రం నడుము కోసం అరగదీయించుకోవద్దు.

మరి ఏం చేయాలి? బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2023లో దీర్ఘకాలపు దవడ నొప్పి గురించి వైద్యులకు మార్గదర్శకాలు ప్రచురించింది. అందులో ముందు వరుసలో ఉన్నవి ఖర్చు తక్కువైన పనులే. దవడ వ్యాయామాలు, మెడను, కూర్చునే తీరును సరిచేసే వ్యాయామాలు, బిగిసిన కండరాలను చేతితో సడలించడం, నొప్పితో కలిగే దిగులును తట్టుకొనే శిక్షణ. వీటిని ఫిజియోథెరపీ తెలిసినవారి దగ్గర ఒకసారి నేర్చుకొంటే ఇంట్లో చేసుకోవచ్చు. తిరిగి సరిచేయడానికి వీలులేని మార్పులు నోటిలో చేసే పద్ధతులు వద్దని అందులో గట్టిగానే చెప్పారు.

ఇంట్లో కొన్ని వారాలు ఇలా చేసి చూడండి. పెదవులు మూసి, పళ్ళు ఎడంగా ఉంచి, నాలుక కొనను పై పళ్ళ వెనుక ఆనించండి. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పైపళ్ళు క్రిందిపళ్ళు తగలనక్కరలేదు. చాలామందికి ఈ సంగతే తెలియదు. చెరకు గడ, వేయించిన శనగలు, ఎముకలు కొరకడం కొద్దిరోజులు మానండి. మన రాగి సంగటి, పప్పు ఇందుకు చక్కని ఆహారం. వేడినీటిలో పిండిన గుడ్డను చెంప మీద పది పదిహేను నిమిషాలు ఉంచండి. ఆవులింత వచ్చినప్పుడు గడ్డం క్రింద పిడికిలి ఆనించండి. పని బల్లను ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకోండి. అరగంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయండి. దవడ టక్కుమని చప్పుడు చేస్తూ నొప్పి లేకపోతే దానికి వైద్యమే అక్కరలేదు. నొప్పి బిళ్ళలు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా రోజుల తరబడి మింగవద్దు, కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మరీ జాగ్రత్త.

అయితే దవడ బిగిసిన ప్రతివారికీ ఇంటి వైద్యం చాలదు. మీ మూడు వ్రేళ్ళు నిలువుగా పెట్టేంత నోరు తెరుచుకోవాలి. గుట్కా, వక్కపొడి వేసుకొనేవారికి నోరు రానురాను ముడుచుకుపోతూ, కారం తగిలితే మండుతూ ఉంటే అది కీలు జబ్బు కాదు. చెంప లోపలి పొర గట్టిపడుతున్నది, అది కాన్సర్‌కు దారి తీయవచ్చు. ఆ అలవాటు ఆ రోజే మాని దంత వైద్యునికి చూపించాలి. ప్రభుత్వ దంత వైద్య కళాశాల మనకు కడపలో ఉంది. ఆవులించి నోరు మూతపడకుండా నిలిచిపోతే చెంప మీద కొట్టడం, బలవంతంగా నొక్కడం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మేకు, ముల్లు గుచ్చుకొన్న కొన్నాళ్ళకు దవడ బిగుసుకుంటే ధనుర్వాతమేమో అనుకొని ఒక్క గంట కూడా ఆలస్యం చేయవద్దు. మరొకటి, పెద్దవయసువారు, చక్కెర జబ్బు ఉన్నవారు గట్టిగా వినండి. నడుస్తున్నప్పుడో, బరువు ఎత్తుతున్నప్పుడో దవడలో నొప్పి వచ్చి, దానితో ఛాతీలో బరువు, చెమట, ఆయాసం ఉంటే అది గుండె నుండి వస్తున్న నొప్పి కావచ్చు. వేడి గుడ్డ పెట్టుకొంటూ కూర్చోక వెంటనే 108కి ఫోను చేయండి.