గీసినవాడి పేరేది?

సొమ్మొకడిది, సోకొకడిది. 1758-60 నడుమ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రెండు వందల బొమ్మలతో వెలువడిన రూపకచిత్రాల గ్రంథాన్ని పండితులు ఈనాటికీ ‘హెర్టెల్ రీపా’ అనే పిలుస్తారు. హెర్టెల్ దాన్ని అచ్చువేసి అమ్మినవాడు. రీపా 1593లో మూలగ్రంథం రాసిన ఇటలీ పండితుడు. అప్పటికి పోయి నూరేళ్లు దాటింది. మరి ఆ బొమ్మలన్నీ ఊహించి గీసిన గాట్‌ఫ్రీడ్ ఐష్లర్? పాపం, తండ్రి పేరూ అదే కావడంతో ‘చిన్న’ అని తగిలిస్తే తప్ప ఆయన్ను పోల్చుకోలేం.

ఈ బొమ్మల్లో భావాలు మనుషులై కనిపిస్తాయి. సిలువ, పానపాత్ర పట్టిన స్త్రీ విశ్వాసం. లంగరు ఉంటే ఆశ. చుట్టూ పసిపిల్లలుంటే ప్రేమ. వేలాయుధం చూసి కుమారస్వామిని గుర్తుపట్టే మనకు ఇదేం వింత కాదు. ఆ గుర్తులు ఐష్లర్ పుట్టించినవి కావని ఒప్పుకుంటాను. కానీ ముందు నిలబడ్డ ఆ మూర్తి వెనకాల, దూరంగా, బైబిలు నుంచో ప్రాచీన చరిత్ర నుంచో ఒక కథ చిన్నగా జరుగుతూంటుంది. ముందున్నది భావం, వెనకున్నది దానికి సాక్ష్యం. రెండింటినీ ఒకే కాగితంలో, ఒకదాన్నొకటి మింగెయ్యకుండా ఇమడ్చాలి. ఇది గీతగాడి బుర్ర చేసే పని కాదా?

అచ్చులో బొమ్మ తిరగబడుతుంది. అందుకని ఆ కాలపు గీతగాళ్లు చాలాసార్లు దీవించే కుడిచేతిని ఎడమచేయిగా గీసేవారు. చెక్కేవాడు ఆ గీతల వెంబడే మొనదేలిన పుల్లతో నొక్కి, నమూనాను రాగిరేకు మీదికి దించుకునేవాడు. ఆ తర్వాత కాగితం గతి కూరలో కరివేపాకే.

పైగా రుచి మారింది. 1755లో జర్మన్ కళాచరిత్రకారుడు వింకెల్‌మాన్ గ్రీకుల నిరాడంబరతను ఆకాశానికెత్తాడు. 1770లో బవేరియాలో పల్లె చర్చిలకు అనవసరపు అలంకారాలు కూడదని ఉత్తర్వు వచ్చింది. ఆగ్స్‌బర్గ్ పనితనమంటే వెక్కిరింపైపోయింది. తమాషా ఏమంటే, ఆ వింకెల్‌మానే 1766లో రూపకచిత్రణ మీద ఓ పుస్తకం రాశాడు!

ఆ కాలపు చర్చిల కుడ్యచిత్రాలకైతే యాత్రికులున్నారు, మెడలెత్తి చూస్తారు. మిగిలిన నమూనా కాగితాలు వెలుగు తగిలితే వెలిసిపోతాయి, పెట్టెల్లో దాచక తప్పదు, నిజమే. అయితే పెట్టె మీదైనా గీసినవాడి పేరు ముందుండొద్దా? ఏటవాలు దీపం కింద పెడితే పుల్ల నొక్కుళ్లు ఇప్పటికీ కనబడతాయి. వాటి నడుమ ఎడమచేత్తో దీవిస్తున్న ఒక సాధువు, అచ్చు కోసం ఆగినవాడు ఆగినట్టే ఉంటాడు.