నలబణ పక్షుల దగ్గరికి

బరంపురం వాళ్లకు చిలికా అంటే రైలు కిటికీలోంచి కనిపించే నీళ్లు. భువనేశ్వర్ వెళ్లే ప్రతిసారీ రంభ దగ్గర ఓసారి ఆ వైపు తిరిగి, "అదిగో చిలికా" అనుకుని మళ్లీ పేపరులో తల దూర్చడం మామూలే. కాళీజాయి అమ్మవారి దర్శనానికి పడవెక్కినవాళ్లు ఎందరో ఉన్నారు గాని, నలబణ దాకా వెళ్లినవాళ్లు మనవాళ్లలో తక్కువే.

ఒడియాలో నళ అంటే రెల్లు జాతి గడ్డి, బణ అంటే వనం. సుమారు 15 చదరపు కిలోమీటర్ల దీవి. వానాకాలంలో నీట మునిగిపోతుంది. నీళ్లు తీసే కొద్దీ బురద నేల, గడ్డి దుబ్బులు బయటపడతాయి. సరిగ్గా అప్పుడే పక్షులు దిగుతాయి. 1987లో దీన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు.

మొన్న జనవరిలో మేమూ, మరో రెండు కుటుంబాలూ కలిసి బర్కుల్‌లో పొద్దున్నే పడవ మాట్లాడుకున్నాం. మా మాటలు విని పడవ నడిపే పెద్దాయన, "మాదీ తెలుగే బాబూ" అన్నాడు. సముద్రం ఒడ్డున నోలియాల ఊరు వాళ్లది. ఒడియా యాస కలిసిన ఆ తెలుగు మన పిల్లల తెలుగు కంటే చక్కగా ఉందని మా శ్రీమతి తీర్పు.

దీవి ఇంకా దూరాన ఉండగానే ఆయన ఇంజను ఆపి గెడ అందుకున్నాడు. సూదితోక బాతులు నీటి మీద చాప పరిచినట్టున్నాయి. ఆవల గులాబీ రంగు గీతలా రాజహంసలు. తల మీద రెండు నల్లపట్టీలున్న పెద్ద బాతుల్ని చూపించి, "ఇవి హిమాలయాలు దాటి వస్తాయి" అని పిల్లలకు చెప్పాడు. మంగోలియా, టిబెట్ వైపు నుంచి వచ్చే జాతి అది.

మాలో ఒకాయనకు తృప్తి కలగలేదు. "ఇంకాస్త దగ్గరికి పోనీ, చప్పట్లు కొడితే అన్నీ ఒక్కసారే లేస్తాయి, ఫోటో బాగా వస్తుంది, మరో రెండొందలిస్తా" అన్నాడు. పెద్దాయన గెడ కదపలేదు. "అవి తిండికొచ్చాయి బాబూ. లేపితే మళ్లీ కుదురుగా కూర్చోడానికి ఎంతసేపో. వద్దండి."

మిత్రుడు ముఖం ముడుచుకున్నాడు. నేను మాత్రం పెద్దాయన పక్షమే. పడవ మీద అప్పుందని అంతకు ముందే మాటల్లో చెప్పాడు. నాలుగు నెలల సీజను, డీజిలు ఖర్చు, ఆ పైన కంతులు. ఆ లెక్కలో రెండొందలంటే ఎంతో నా ఉద్యోగంలో నాకు తెలుసు. ఇక పక్షి సంగతంటారా, చలికాలమంతా తిని కొవ్వు దాచుకుంటేనే తిరుగు ప్రయాణం. అనవసరంగా లేపిన ప్రతిసారీ ఆ డిపాజిట్‌లోంచి కొంత మనం డ్రా చేసినట్టే.

చిలికాకు కూడా ఒకప్పుడు ఖాతా ఖాళీ అయింది. సముద్రపు ముఖద్వారం పూడి, ఉప్పదనం తగ్గి, గుర్రపుడెక్కలాంటి కలుపు పెరిగి, చేపలు తగ్గాయి. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాకెక్కింది. మా భాషలో మొండి బాకీ. 2000 సెప్టెంబరులో ఇసుక దిబ్బను తవ్వి కొత్త ముఖద్వారం తెరిచారు. 1999-2000లో సుమారు 1,700 టన్నులకు పడిపోయిన దిగుబడి రెండేళ్లలో 10,000 టన్నులు దాటింది. 2002లో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు. మొండి బాకీ అంత తొందరగా వసూలైన సందర్భం నా సర్వీసులో లేదు!

వెళ్లదలచినవారు బాలుగాఁవ్ స్టేషనులో దిగితే బర్కుల్ దగ్గరే. డిసెంబరు, జనవరి మంచివి. ఫిబ్రవరి దాటితే పక్షులు పలచబడతాయి. టోపీ, మంచినీళ్లు, పులిహోర పొట్లాలు పట్టుకెళ్లండి. బేరం ఒడ్డునే తేల్చుకోండి, దుర్భిణి ఉంటే మరవకండి. ఆ ఫోటో మిత్రుడు ఈసారి దుర్భిణి కొన్నాడట.