మాటల మూట: సంక్రాంతి వంటింట ఆంగ్ల పదాలు

గడచిన సంచికలలో ఈ శీర్షిక కింద కార్యాలయపు ఉత్తర ప్రత్యుత్తరాలలో తారసపడే ఆంగ్ల పదాలను ముచ్చటించుకున్నాము. పెద్దపండుగ ముంగిట నిలిచిన ఈ తరుణంలో దస్త్రాలను కాసేపు పక్కనబెట్టి, పాఠకులను వంటింటికీ, అక్కడినుంచి కళ్లానికీ తీసుకొని వెళ్లదలచాము. ఇందుకు కారణం లేకపోలేదు.

ప్రభుత్వరంగ సంస్థల టౌన్‌షిప్పులలో సంక్రాంతి ఒక్క తెలుగువారి పండుగగా మిగలదు. ఆ నాలుగు రోజులలోనే పక్క క్వార్టరులోని పంజాబీలు లోహ్రీ మంట వేస్తారు. అస్సామీయులకు భోగాలి బిహు, తమిళులకు పొంగల్, మరాఠీలకు తిల్‌గుడ్, వంగీయులకు బియ్యప్పిండి పిఠాలు. పళ్లేలు గోడ దాటి వెళతాయి, వట్టివిగా తిరిగి రావు. చిక్కు వచ్చేది అప్పుడే. "ఇదేమిటి, ఎలా చేస్తారు?" అని పొరుగువారు ఆంగ్లంలో అడిగితే, తెలుగు మాధ్యమంలో చదువుకొని వచ్చిన మన సోదరుడు "స్వీట్ సార్, రైస్ స్వీట్" అని ఊరుకుంటాడు. ఇంటిల్లిపాదీ రెండు రోజులు పడిన శ్రమ ఆ రెండు ముక్కలలో అణగిపోతుంది. యంత్రం ఎక్కడ మొరాయించిందో అధికారికి విడమరచి చెప్పగలిగినవారే, పదోన్నతి ఇంటర్వ్యూలో "మీ పండుగ విశేషాలు చెప్పండి" అన్న తేలిక ప్రశ్నకు తడబడడం మేము ఎరుగుదుము. కొరత తెలివిలో లేదు. ఉన్నదల్లా క్రియాపదాలలో.

అరిసెనే తీసుకుందాం. బియ్యాన్ని రాత్రంతా నానబెట్టడం 'సోక్'. నీరు ఓడ్చడం 'డ్రెయిన్'. తడి ఆరకముందే రోట్లో వేసి దంచడం 'పౌండ్', ఆ పిండిని జల్లించడం 'సిఫ్ట్'. పాకంలో పిండి పోస్తూ కలియబెట్టడం 'స్టర్'. చలిమిడి ముద్దను ఆకుమీద తట్టడం 'ప్యాట్'. కాగిన నేతిలోనో నూనెలోనో వేయించడం 'డీప్ ఫ్రై', తీసి చెక్కల నడుమ నొక్కడం 'ప్రెస్'. ఈ మాటలను పట్టికగా రాసి బట్టీపట్టినవారికి వారంలో సగం జారిపోతాయి. పని వరుస తెలిసినవారికి అలా జారవు. ఒక మాట వెనుక మరొకటి దానంతట అదే వస్తుంది.

అరిసెకు ప్రాణం పాకం. చన్నీళ్లలో చుక్క వేస్తే కరిగిపోక వేళ్ల నడుమ మెత్తని ఉండ కట్టాలి. మిఠాయిలు చేసే ఆంగ్లేయులదీ సరిగ్గా ఇదే పరీక్ష. ఆ దశకు వారు పెట్టుకున్న పేరు 'సాఫ్ట్ బాల్ స్టేజ్'. పంచదార పాకానికి అది సుమారు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ అని ఉష్ణమాపకం చెబుతుంది. మన అమ్మమ్మలు ఉష్ణమాపకం ముఖం చూడకుండానే అదే స్థానానికి చేరుకున్నారన్న సంగతిని ప్రయోగశాల విభాగపు మిత్రులు గమనించగలరు.

ఆ పాకపు మాటలకూ మనకూ చుట్టరికం ఉన్నది. 'షుగర్' మన శర్కరయే. పారశీక, అరబ్బు దేశాల మీదుగా ఐరోపా చేరి రూపు మార్చుకున్నది. 'జాగరీ' అదే శర్కర. దక్షిణాది తీరాన పోర్చుగీసువారి నోట పడి అలా తయారయింది. 'క్యాండీ'కి మూలం ఖండ శబ్దం. మన బెల్లమే మనకు రెండు వేషాలలో తిరిగివచ్చిందన్నమాట! అయితే ఒక హెచ్చరిక: 'జాగరీ' అన్నా, నువ్వులనూనెను 'జింజెల్లీ ఆయిల్' అన్నా మన దేశంలో చెల్లుతుంది. అమెరికాలో ఉన్న మనుమడి స్నేహితులకు చెప్పేటప్పుడు మొదటిదానికి కొంత వివరణ చేర్చాలి, రెండవదానిని 'సెసమీ ఆయిల్' అనాలి.

ఆంగ్లం చేతులెత్తేసే చోట్లూ లేకపోలేదు. తిరగలిలో విసరడం, రుబ్బురోట్లో రుబ్బడం, సన్నికల్లుమీద నూరడం మనకు మూడు వేర్వేరు పనులు. ఆంగ్లానికి అన్నీ 'గ్రైండ్'. వడ్లు, బియ్యం, అన్నం అన్న భేదమూ దానికి అంతగా పట్టదు. వడ్లకు వాడే 'ప్యాడీ' సైతం మలయ్ భాషనుంచి తెచ్చుకున్న అరువు. కనుక అన్నాన్ని 'కుక్డ్ రైస్' అని విడదీసి చెప్పాలి. అరిసెలకు వాడే పచ్చిబియ్యం 'రా రైస్', ఉప్పుడుబియ్యం 'పార్‌బాయిల్డ్ రైస్'.

పాలు పొంగించడం వద్ద మరింత జాగ్రత్త అవసరం. 'బాయిల్ ఓవర్' అంటే ఆంగ్లేయుని ఇంట అది పొరపాటు, పొయ్యి తుడుచుకోవలసిన పని. మన ఇంట అది శుభం. 'ద మిల్క్ బాయిల్డ్ ఓవర్' అంటే వినేవారు అయ్యో అంటారు. 'వుయ్ లెట్ ద మిల్క్ బాయిల్ ఓవర్' అంటే కావాలనే చేశామని తెలుస్తుంది. భారమంతా 'లెట్' అన్న ఒక్క చిన్న మాట మోస్తుంది.

ఇక కళ్లానికి వద్దాం. 'హార్వెస్ట్' అన్న మాట ప్రాచీన ఆంగ్లంలో శరదృతువుకు పేరు, జర్మనులు నేటికీ ఆ ఋతువును 'హెర్బ్‌స్ట్' అనే అంటారు. కోయడం 'రీప్', పనలను కట్టిన కట్ట 'షీఫ్', నూర్చడం 'థ్రెష్', తూర్పారబట్టడం 'విన్నో', గాలికి ఎగిరే పొల్లు 'చాఫ్', చేలో మిగిలిన కొయ్యకాళ్లు 'స్టబుల్'. గడ్డం గీసుకోని ముఖంమీది మాసిన గరుకునూ ఆంగ్లేయులు 'స్టబుల్' అనే అంటారు. ఆ పోలిక మాకు నచ్చింది. కోత ముగిసిన చేలో రాలిన వెన్నులు ఏరుకోవడాన్ని మనం పరిగె ఏరడం అంటాము. అది 'గ్లీన్'. కార్యాలయపు నివేదికలలో 'గ్లీన్డ్ ఫ్రమ్ ద రికార్డ్స్' అని కనబడేది ఈ పరిగె ఏరే కూలి మాటయే. ఈ అర్థం తెలిసినవారు ఇకముందు దస్త్రాలను తిరగవేసేటప్పుడు చేలో వంగిన నడుములను తలచుకోకుండా ఉండలేరు.

టౌన్‌షిప్పులో పుట్టిన మన పిల్లలకు 'విన్నో' తెలియదంటే వింత లేదు. తూర్పారబట్టడమూ తెలియదు. కోతయంత్రం వచ్చాక పల్లెలోని పిల్లలకూ ఈ మాట అరుదైపోతున్నది. మొదటిది నిఘంటువులో దొరుకుతుంది. రెండవదానికి తాతయ్యను అడగవలసిందే, అదీ ఆయన ఉన్నప్పుడే. ఈ సెలవులలో ఊరికి వెళ్లేవారు పిల్లలచేత ఒక నోటుపుస్తకం పట్టించి, ఒక పక్క తెలుగు మాట, ఎదుట ఆంగ్లం రాయించవలసిందిగా కోరుతున్నాము.

అభ్యాసం: కోస్తావారు జంతికలను గురించీ, తెలంగాణా సోదరీసోదరులు సకినాలను గురించీ ఆరు ఆంగ్ల వాక్యాలు రాసి పంపగలరు. జంతికలవారికి 'ప్రెస్' ఉపకరిస్తుంది. సకినాలవారికి మాత్రం అది చాలదు. గుడ్డమీద వేళ్లతో పిండిని మెలిపెడుతూ చుట్టు చుట్టడానికి 'ట్విస్ట్', 'కాయిల్' రెండూ కావాలి. వాముకు 'అజ్వైన్' అని రాసినా అంగీకరిస్తాము.