చూడమన్నారు సరే... ఎవర్ని? ఎక్కడ్నుంచి?

ఈమధ్య మనకొచ్చే ఉత్తరాల్లో హీరోలు, హీరోయిన్ల సంగతులతోపాటు జపాను బొమ్మల సీరియళ్లు కూడా దూరిపోయాయి. "మంచి యానిమే ఏదైనా కొత్తది చెప్పండి సార్!" అనేది కొందరి కోరిక. "మా ఫ్రెండు చెప్పాడని చూశాను. ఏమీ అర్థం కాలేదు. ఇక జన్మలో వాటి జోలికి పోను!" అనేది మరికొందరి గోడు.

మొదటి రకం వాళ్లతో పేచీ లేదు. నాలుగు పేర్లు రాసి పడేస్తే సంతోషిస్తారు. ఈ రెండో రకం వాళ్లున్నారే, వాళ్ల గురించే నా బెంగ. ఎందుకంటే అక్కడ తప్పు సీరియల్‌ది కాదు, చూసినవాడిదీ కాదు. నూటికి తొంభైపాళ్లు చెప్పినవాడిదే!

అభిమాని అన్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. తనకు నచ్చింది వీధివీధంతా నచ్చి తీరాలి. "ఒరేయ్, చూడరా! పిచ్చెక్కిపోతావ్!" అంటాడు. ఎందుకు చూడాలో చెప్పడు. ఎక్కడ్నుంచి చూడాలో చెప్పడు. వినేవాడికి ఏది ఇష్టమో అసలే అడగడు. పెళ్లిచూపులకు వెళ్లి, పిల్ల పేరు కూడా చెప్పకుండా "చేసుకోవోయ్, బావుంటుంది" అన్నట్టుంటుంది వ్యవహారం!

మూడు భాగాల లెక్క

కొత్తవాళ్ల కోసం ముందుగా రెండు ముక్కలు. జపానులో యానిమే సీరియళ్లు మన టి.వి. ధారావాహికల్లాగా ఏళ్ల తరబడి రోజూ రావు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు... ఏడాదికి నాలుగు సీజన్లు. సీజనుకు 12 లేక 13 వారాలు. వారానికో భాగం. భాగం నిడివి ఇంచుమించు 24 నిమిషాలు. ప్రతి సీజనుకూ పదుల సంఖ్యలో కొత్తవి దిగుతాయి. అన్నీ చూడాలంటే చదువూ సంధ్యా మానుకోవాల్సిందే!

అందుకే అభిమానులు ఒక లెక్క పెట్టుకున్నారు. ఏ సీరియలైనా సరే, మూడు భాగాలు చూడు. అప్పటికీ మనసు పట్టకపోతే వదిలెయ్. ఈ లెక్క అంతగా ప్రచారంలోకి రావడానికి 2011 జనవరిలో మొదలైన 'మడోకా మాజికా' ఒక కారణమంటారు. పైకి చూస్తే రిబ్బన్లు కట్టుకున్న బడిపిల్లలు, మాట్లాడే బుజ్జి జంతువు. "ఇదేదో చంటిపిల్లల వ్యవహారం" అని చాలామంది తేలిగ్గా తీసుకున్నారు. మూడో భాగం వచ్చింది... అంతే! ఏమైందంటారా? నేను చెప్పను. ఎందుకు చెప్పనో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

తమాషా ఏమిటంటే ఈ లెక్క తీసేవాళ్లకూ తెలుసు. 2023 అక్టోబరులో 'అపోథికరీ డైరీస్' మొదలైనప్పుడు మొదటి మూడు భాగాలూ ఒకేసారి వేసేశారు. అంతకుముందు సెప్టెంబరు 29న 'ఫ్రీరెన్' అయితే ఏకంగా నాలుగు భాగాలు! అదీ ఎక్కడ? నిప్పాన్ టి.వి.లో ప్రతి శుక్రవారం రాత్రి సినిమాలు వేసే సమయంలో, రెండు గంటలపాటు. నెమ్మదిగా నడిచే కథను కొత్తవాడికి ఎలా అలవాటు చెయ్యాలో వాళ్లు ఆలోచించారు. ఆ పాటి ఆలోచన మనకూ ఉండొద్దూ?

శుభం కార్డు పడ్డాక మొదలయ్యే కథ

ఇంతకీ ఈ 'ఫ్రీరెన్' ఏమిటి? రాక్షసరాజును చంపడానికి పదేళ్లపాటు ప్రయాణం చేసిన నలుగురు వీరులు గెలిచి ఊరికి తిరిగొస్తారు. మన సినిమాల్లో అయితే అక్కడ శుభం కార్డు పడుతుంది, జనం చెప్పులు వెతుక్కుంటారు. ఈ కథ సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఆ నలుగురిలో ఫ్రీరెన్ అనే మంత్రగత్తె మనిషి కాదు. ఎల్ఫ్ అనే జాతిది. వెయ్యేళ్లు దాటినా పడుచుపిల్లలాగే ఉంటుంది. ఆమెకు పదేళ్లంటే మనకు పదిరోజుల లెక్క. "మళ్లీ కలుద్దాం" అని వెళ్లి 50 ఏళ్ల తర్వాత వస్తుంది. వచ్చేసరికి అందగాడైన నాయకుడు బట్టతల ముసలివాడయిపోయాడు. కొన్నాళ్లకే కన్నుమూస్తాడు. అంత్యక్రియల దగ్గర ఆమెకు హఠాత్తుగా ఏడుపు ముంచుకొస్తుంది. పదేళ్లు పక్కనే నడిచిన మనిషిని తెలుసుకుందామని ఒక్కనాడైనా ప్రయత్నించలేదే అని!

అయ్యో, కథంతా చెప్పేశానే అనుకోకండి. ఇది మొదటి భాగం మాత్రమే. మొదటి సీజన్లో మొత్తం 28 భాగాలున్నాయి. మాడ్‌హౌస్ స్టూడియో నిర్మాణం, కెయిచిరో సైటో దర్శకత్వం. రెండో సీజను 2026 జనవరిలో మొదలైంది.

ఎవరికి చెప్పాలి? తాతయ్యో, అమ్మమ్మో పోయాక "ఆ సంగతి ఒక్కసారి అడిగుంటే బావుండేది" అని బాధపడ్డవాళ్లకు చెప్పండి. కళ్లు తుడుచుకుంటూ మీకు దణ్ణం పెడతారు. రీలుకో ఫైటింగు ఉండాలనేవాడికి మాత్రం చెప్పకండి. రెండో భాగంలోనే గురకపెడతాడు!

అంతఃపురంలో మందుల పిల్ల

'అపోథికరీ డైరీస్' దారి వేరు. పాతకాలపు చైనాను తలపించే ఒక ఊహా సామ్రాజ్యం. మావ్‌మావ్ అనే పిల్లకు మందులూ విషాలూ అంటే ప్రాణం. ఎవరో ఎత్తుకుపోయి అంతఃపురానికి పనిమనిషిగా అమ్మేస్తారు. అక్కడ చక్రవర్తిగారి పసిబిడ్డలు ఒకరి తర్వాత ఒకరు చనిపోతుంటారు. అందరూ శాపం అంటారు. ఈ పిల్ల మాత్రం "శాపం లేదూ, గీపం లేదూ" అని కారణం వెతుకుతుంది. ఆ కారణమేమిటో మీరే చూసుకోండి.

డిటెక్టివ్ నవలలు నమిలేసేవాళ్లకు ఇది పంచభక్ష్య పరమాన్నం. అందగాడు ఎదురొస్తే సిగ్గుపడాల్సింది పోయి పురుగును చూసినట్టు చూసే కథానాయిక కావాలనే అమ్మాయిలకైతే మరీనూ! మొదటి సీజన్లో 24 భాగాలు, రెండో సీజను 2025 జనవరిలో మొదలైంది. కాకపోతే కథలో రాణివాసం, వేశ్యావాటిక ఉన్నాయి. ఇంట్లో చిన్నపిల్లలు పక్కన కూర్చుంటారేమో చూసుకుని మరీ పెట్టుకోండి.

దెయ్యాలా? గ్రహాంతరవాసులా?

సినిమా పిచ్చివాళ్లకు అచ్చంగా సరిపోయేది 2024 అక్టోబరులో మొదలైన 'డాన్ డా డాన్'. మొమొ అనే అమ్మాయికి దెయ్యాలున్నాయని నమ్మకం. గ్రహాంతరవాసులంటే నవ్వుతుంది. ఆమె తరగతి కుర్రాడిది సరిగ్గా ఎదురు నమ్మకం. ఇద్దరూ పందెం వేసుకుని చెరో చోటికీ పరీక్షించడానికి వెళ్తారు. తీరా చూస్తే... ఇద్దరిదీ నిజమే!

ఇందులో మనలాంటి వాళ్లకు నచ్చే చమత్కారం ఒకటుంది. మొమొ అభిమాన హీరో కెన్ తకకురా. 1965లో మొదలైన 'అబాషిరి ప్రిజన్' సినిమాలతో వెలిగి, 1977లో 'ఎల్లో హ్యాండ్‌కర్చీఫ్'తో ఇంటింటి మనిషై, 2014లో కన్నుమూసిన నిజమైన స్టారు. తక్కువ మాట్లాడి ఎక్కువ చేసే మగాడు. అలాంటి మగాడే కావాలని కలలు కంటున్న పిల్లకు, ఎదురుగా ఉన్న ఈ సన్నపాటి కళ్లజోడు కుర్రాడు తన పేరు చెబుతాడు. ఏమని? కెన్ తకకురా అని! ఆ పేరుతో వీణ్ని పిలవడానికి ఆమెకు నోరు రాదు. 'ఒకరున్' అని వేరే పేరు పెట్టేస్తుంది. అభిమాన నటుడి పేరు మీద మనకుండే ఆ పట్టింపు తెలిసినవాళ్లకే ఆ సన్నివేశంలోని మజా తెలుస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. మొదటి భాగంలోనే గ్రహాంతరవాసులు ఆ అమ్మాయిని బంధించి, బట్టలు ఒలిచి ఇబ్బందిపెట్టే ఘట్టం ఉంది. అది చూసి కట్టేసినవాళ్లు చాలామందే ఉన్నారు. ముందుగా చెప్పి చూపించడం మర్యాద. చెప్పకుండా అమ్మానాన్నల పక్కన కూర్చోబెట్టి చూపించారో, మీ స్నేహం అక్కడితో సరి!

సినిమా హాలుకు లాక్కెళ్లే ముందు

2025 సెప్టెంబరు 12న 'డీమన్ స్లేయర్ - ఇన్ఫినిటీ కాజిల్' మన దేశంలో విడుదలైంది. జపాను భాషతోపాటు ఇంగ్లీషు, హిందీ, తమిళం, తెలుగులో కూడా! అభిమానులు హాళ్లలో పండగ చేసుకున్నారు. బాగానే ఉంది. కానీ ఏమీ తెలియని స్నేహితుణ్ణి చెయ్యిపట్టుకుని లాక్కెళ్లినవాళ్ల సంగతేమిటి?

ఆ సినిమా కథకు మొదలు కాదు. ఆఖరి యుద్ధాన్ని మూడు సినిమాలుగా తీస్తుంటే అందులో ఇది మొదటిది. 2019 నాటి మొదటి సీజన్లో 26 భాగాలు. ఆ తర్వాత కథ 2020 నాటి 'ముగెన్ ట్రెయిన్' సినిమా. తర్వాత 2021, 2023, 2024లలో మొదలైన మూడు సీజన్లు కలిపి మరో 30 భాగాలు. ఇవన్నీ అయ్యాక ఈ సినిమా. అవేవీ చూడనివాడు 155 నిమిషాలు కూర్చుంటే ఏం చూస్తాడు? ఎవరో ఎవర్నో నరుకుతుంటే చుట్టూ జనం ఎందుకు ఏడుస్తున్నారో తెలియక బిక్కమొహం వేస్తాడు. బయటకొచ్చి "యానిమే అంటే ఇంతేనా" అంటాడు. ఒక మంచి ప్రేక్షకుణ్ణి మనమే పోగొట్టామన్నమాట!

కథ ముందే చెప్పే మహానుభావులు

టూరింగు టాకీసుల కాలం నుంచీ ఈ జాతి ఉంది. మొదటాట చూసొచ్చి, రెండో ఆటకు క్యూలో నిలబడ్డవాడి చెవిలో "హంతకుడు తమ్ముడేరోయ్" అని ఊదేసి పోయేవాడు! యానిమేలో వీళ్ల బెడద మరీ ఎక్కువ. ఎందుకంటే చాలా సీరియళ్లకు మూలం మాంగా, అంటే బొమ్మల కథల పుస్తకం. సీరియల్ కంటే పుస్తకం ముందు నడుస్తుంది. 'డీమన్ స్లేయర్' మాంగా 2020 మే నెలలోనే ముగిసింది. చివరికి ఎవరు బతికారో, ఎవరు పోయారో చదివినవాళ్లకు అప్పట్నుంచే తెలుసు. తెలిసి నోరు మూసుకున్నవాడే అసలైన అభిమాని.

'మడోకా'కు ముందుగా పుస్తకమేదీ లేదు. గెన్ ఉరొబుచి దానికోసమే రాసిన కథ. ముగింపు ఎలా ఉంటుందో ప్రేక్షకుల్లో ఎవరికీ తెలియదు. 2011 మార్చి 11న జపానులో పెను భూకంపం, సునామీ. ప్రసారం ఆగిపోయింది. ఆఖరి రెండు భాగాలూ కలిపి ఏప్రిల్ 21 రాత్రి వచ్చాయి. నెలరోజులకు పైగా అందరూ ఒకే ప్రశ్నతో ఎదురుచూశారు. ఆ ఎదురుచూపు విలువ ఎంతని? ఒక్క మాటతో దాన్ని చెడగొట్టే హక్కు మనకెవరిచ్చారు చెప్పండి?

జపాను గొంతా, తెలుగు గొంతా?

ఈ తగువు ఎప్పటికీ తెగదు. జపాను గొంతులో వినాలనేవాళ్ల వాదనలో బలముంది. ఫ్రీరెన్‌కు గొంతిచ్చిన అత్సుమి తనెజకి, 2022లో వచ్చిన 'స్పై ఫ్యామిలీ'లో చిన్నారి ఆన్యాకూ గొంతిచ్చింది. వెయ్యేళ్ల మంత్రగత్తె, బడికెళ్లే బుడత... ఇద్దరూ ఒకే మనిషంటే నమ్మలేం! అలాగే అమాయకురాలు మడోకా గొంతూ, పెంకి మావ్‌మావ్ గొంతూ ఒక్కరివే. ఆమె పేరు అవొయి యూకి.

మరి తెలుగు డబ్బింగు చూసేవాళ్లను చులకన చెయ్యడమెందుకు? కమల్‌హాసన్‌కు ఎన్నో సినిమాల్లో తెలుగు గొంతు బాలసుబ్రహ్మణ్యానిది. సుమన్‌కూ, రాజశేఖర్‌కూ సాయికుమార్ పలికిన డైలాగులకు ఈలలు వేసిన జాతి మనది! షిన్‌చాన్, డోరెమాన్ తెలుగులో మాట్లాడబట్టే కదా మన పల్లెటూరి పిల్లలకు కూడా చుట్టాలయ్యారు. 2024లో 'సోలో లెవలింగ్' తెలుగులో వచ్చింది. ఇలాంటివి ఇంకా రావాలంటే చూసేవాళ్లున్నారని వాళ్లకు లెక్క తెలియాలి. దొంగకాపీలో చూసినవాడు ఎంత వీరాభిమాని అయినా ఆ లెక్కలోకి రాడు.

కాబట్టి ఈసారి ఎవరికైనా చెప్పేముందు "నువ్వు ఆఖరిసారి మెచ్చుకున్న సినిమా ఏది?" అని అడగండి. జవాబును బట్టి ఒక్కటంటే ఒక్కటి చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ ఘట్టం ఇబ్బందిగా ఉంటుందో చెప్పండి. మూడు భాగాలు చూసే గడువివ్వండి. అప్పటికీ నచ్చలేదంటే పోట్లాడకండి. వాడికి నచ్చేది ఇంకోటి ఎక్కడో ఉంటుంది.

ఇప్పుడు మీ వంతు. మీకు ప్రాణమైన సీరియల్ ఒకటి, అది ఎలాంటివాళ్లకు నచ్చుతుందో అయిదే అయిదు వాక్యాల్లో రాసి పంపండి. బావున్నవి వచ్చేవారం ఇక్కడే ముచ్చటించుకుందాం. షరతు ఒక్కటే... కథ మాత్రం చెప్పకూడదు సుమండీ!